మూలరాయి మీది ఇత్తడి బొత్తం

పడవ కదిలింది, ఇక దిగడానికి లేదు. ఒంటిగంట దాటి రెండు నిమిషాలు, నలభై నిమిషాల ప్రయాణం, అంటే ఒకటీ నలభై రెండుకి దీవి రేవు, పోటు పూర్తిగా నిండేది నాలుగూ పదికి, మధ్యలో రెండున్నర గంటలు, కాదు, రెండున్నర కూడా లేదు, రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు, అని ఆవిడ మనసు అడక్కుండానే లెక్క మొదలుపెట్టింది. భయమేస్తే ఆవిడ ఇంకా ఎక్కువ లెక్కపెడుతుంది. అందుకే ఆఫీసులో వెనకాల మిల్లీమీటరమ్మ అంటారు, ఎదురుగా కూడా అంటారు, ఆవిడ ఏమీ అనుకోదు, నిజానికి ఆ పేరు విని ఇన్నాళ్లూ లోలోపల మురిసిపోయింది కూడా. సముద్రం మధ్య ఇసుక పోసి కట్టిన దీవి కుంగుతోందా లేదా అని వారం వారం కొలిచి, రాసి, కింద సంతకం పెట్టడం ఆవిడ పని. ఇరవై రెండు నెలలుగా కుంగడం లేదని రాసింది. నలభై మూడు సెంటీమీటర్లు కుంగిందని ఇవాళ పొద్దున్న తెలిసింది. ఆ దీవి మీద, హోటలు వెనక బట్టలుతికే గదిలో, తల్లి లేని తనని పెంచి పెద్దచేసిన అక్క ఈ నిమిషాన దుప్పట్లు మడతపెడుతూ ఉంటుంది. ఇవాళే దీవి ప్రారంభం, ఇవాళే ఏడాదిలోకెల్లా పెద్ద పోటు. అక్కకి పదకొండు సార్లు ఫోను చేసింది. పనిలో ఉన్నంతసేపూ ఫోన్లు అలమరలో పెట్టి తాళం వేస్తారని తెలిసి కూడా పదకొండు సార్లు చేసింది.

ఒళ్లో కొలత యంత్రం పెట్టె, పెట్టె మీద రెండు చేతులు. పొద్దున్న అయిదున్నరకి కొండకొమ్ము మీది రాయి దగ్గర ఇదే పెట్టె విప్పింది. అక్కణ్ణుంచి దీవి మూలకి చూపు వరసన రెండు కిలోమీటర్లే, పడవ రేవు మాత్రం కొండ చుట్టూ తిరిగి అవతల ఉంది. దీవి మూలరాయి దగ్గర బాబాయి నిలబడ్డాడు, బాబాయంటే చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏళ్లుగా కొలబద్ద పట్టుకునే మనిషి, అందరికీ బాబాయే. ఫోన్లో కొంచెం పైకి బాబాయ్, ఇంకొంచెం, ఆగు, చదువు, అంది. ఆయన అంకె చదివాడు. తప్పు చదివావు మళ్లీ చదువు, అంది. మళ్లీ అదే చదివాడు. వేడిగాలికి చూపు వంగుతుంది, ఆ వంపు లెక్క తీసేసింది, నేల గుండ్రం లెక్క తీసేసింది, తన భయం ఒక్కటి తీసేయడానికి సూత్రం లేదు. మూడుసార్లు చూశారు. రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూగా మూడుసార్లూ అదే. చివరికి బాబాయి, "అమ్మాయ్, బద్ద తప్పు కాదు, నేను నించున్న చోటే తప్పు," అన్నాడు. ఆ మాట ఇంకా చెవిలో ఉంది, ఇంజను రొదలో కూడా వినిపిస్తూనే ఉంది.

"ఏమ్మా, నువ్వు అక్కడే పనిచేస్తావా?" ఎదురు బల్ల మీద ఒక ముసలావిడ, పక్కనే ఆవిడ భర్త, ఇద్దరికీ ఒకే రంగు కొత్త టోపీలు. ఆవిడ కళ్లు ఈవిడ మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద ఉన్నాయి. అవునండీ అంది. "నాకు నీళ్లంటే భయం. ఈయన వినడు. ఆ దీవి పడవలాగా ఊగుతుందా?" ముసలాయన నవ్వి, "ఊగడానికి అదేమన్నా ఉయ్యాలా?" అన్నాడు. "నిన్నడగలా, ఆ అమ్మాయినడిగా." అంతే, ఆ నిమిషంలో చెప్పాల్సింది, పడవ ఇంకా రేవు గోడ దాటలేదు, చెయ్యెత్తితే పడవవాడు తిప్పేవాడు. ఈవిడ నోరు మాత్రం ఇరవై రెండు నెలల అలవాటు కొద్దీ తెరుచుకుంది. "ఊగదండీ." ముసలావిడ మొహం తేటపడింది. చేతిసంచీలోంచి బిళ్ల ఒకటి తీసి ఈవిడ చేతిలో పెట్టింది, తియ్యటిది, నాలిక మీద వేసుకుంటే కరగడం లేదు. సిగ్గుతో ఈవిడ నీళ్లవైపు తిరిగి కూర్చుంది.

ఇదంతా తన తెలివే. అదే కదా బాధ, ఎవరో మోసం చేసి ఉంటే కోపం వచ్చేది, కోపంలో మనిషికి కాస్త బలం ఉంటుంది. మొదట్లో కొలత ఒడ్డునుంచే జరిగేది. కొండకొమ్ము రాయిలో దిగ్గొట్టిన ఇత్తడి బొత్తం ఉంది, అది కదలదు, దాని ఎత్తుతో పోల్చి దీవి ఎత్తు చెప్పాలి. వారం వారం ఆ ఎత్తుని నీళ్లమీదుగా దాటించాలంటే తెల్లవారుజామున లేవాలి, మంచు లేకూడదు, గాలి లేకూడదు, నాలుగుసార్లు వెళితే రెండుసార్లు ఏమీ కనపడక తిరిగి రావడమే. విసుగెత్తి ఒకరోజు ఈవిడే అంది, దీవికి మొట్టమొదట వేసిన మూలరాయి నాలుగేళ్లనాటిది, కుంగేదేదో అప్పుడే కుంగిపోయి ఉంటుంది, దానిలోనే ఒక ఇత్తడి బొత్తం దిగ్గొడదాం, దీవి మీది కొలతలన్నీ దాన్నుంచే చూద్దాం, ఆరు నెలలకోసారి ఒడ్డుతో సరిచూసుకుందాం. చీఫ్ ఇంజనీరు బల్ల చరిచాడు, "అయిపోయిందనుకోండి," అన్నాడు. ఏ పని చెప్పినా ఆయన అనే మాట అదొక్కటే, అందుకే ఆయన పేరే అయిపోయిందనుకో గారు. మొదటి ఆరు నెలలు నిండేసరికి వానలు. సరిచూడటం వాయిదా. రెండో ఆరు నెలలకి రంగుల పనివాళ్లకి పడవలు చాల్లేదు. మూడోసారి ఎవరూ గుర్తు చెయ్యలేదు, తను కూడా చెయ్యలేదు, ఎందుకు చేస్తుంది, వారం వారం కాగితం మీద అంకెలు పెళ్లికూతురిలా ముద్దుగా తలొంచుకుని కూర్చుంటే, రెండు మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు, ఒక వారం సున్నా. మూలరాయి కుంగుతోంది, దాంతో పాటు గోడ, గోడతో పాటు హోటలు, హోటలుతో పాటు తన అక్క మంచం. అన్నీ కలిసి దిగుతుంటే ఒకదాన్ని చూసి ఒకటి నేనెక్కడున్నానో అక్కడే ఉన్నాను అంటుంది. అంతే. చిన్నపిల్లకి కూడా అర్థమయ్యేదే.

చిన్నపిల్లకి అర్థమైంది కూడా. ఎనిమిదేళ్లప్పుడు. ఆ అద్దె ఇంట్లో వంటగది ద్వారబంధానికి వీపు ఆనించి నిలబెట్టి, తలమీద చెక్క స్కేలు పెట్టి అక్క పెన్సిలు గీత గీసేది, నెలకోసారి, గీత పక్కన తారీఖు. ఒక నెల నాలుగు వేళ్లు పెరిగిపోయింది. అక్క వీధి వీధంతా చాటింది, మా చెల్లి నెలలో నాలుగు వేళ్లు పెరిగిందని, అందరూ వచ్చి చూశారు. సాయంత్రం అక్కకి అనుమానం వచ్చింది. గదికి ఇంటాయన కొత్తగా బండలు పరిపించాడు, పాత నేల మీదే. అక్క నేలమీద చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది, "నువ్వు పెరగలేదే పిచ్చిమొహమా, నేల పెరిగింది." ఆ నవ్వు ఇప్పటికీ వినగలదు. తల్లి పోయిన రెండో ఏడు అది, ఇంట్లో ఆ రెండేళ్లలో వినపడిన మొదటి నవ్వు. కాలి కింద నేల కదిలితే కొలత అబద్ధమవుతుందని ఎనిమిదేళ్లకే నేర్చుకున్న మనిషి, నలభై ఒక్క ఏళ్లొచ్చి, గోడకి మూడు పట్టాలు తగిలించుకుని, దాన్ని మరిచిపోయింది.

మరిచిపోలేదు. చూడదలుచుకోలేదు. పడవ రేవుగోడ దాటగానే అల మారింది, మూతి ఎత్తి దబ్బున పడుతోంది, ముసలావిడ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. చూడదలుచుకోని వాటి జాబితా ఎంతైనా ఉంది. ఉపగ్రహం సాయంతో ఎత్తు చెప్పే యంత్రం ఒకటి ఉంది, దానికి మిల్లీమీటర్లు పట్టవు, పోయినేడాదే అది దీవి దిగిందని చూపించింది, ఈవిడ ఆ అంకె పక్కన తన ముత్యాల్లాంటి రాతతో యంత్ర దోషం అని రాసింది. పడవ నడిపే ఆయన, అదిగో చుక్కాని దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడే, ఆయన రెండు నెలల కిందట అన్నాడు, "మేడమ్, పోటు నిండినప్పుడు కూడా దీవి రేవుకి అయిదు మెట్లు పొడిగా ఉండేవి. ఇప్పుడు మూడే ఉంటున్నాయి." సముద్రం పెరుగుతోంది కదా, ప్రపంచమంతా పెరుగుతోంది, అని పెద్ద చదువుకున్న జవాబు ఇచ్చింది. ఆయన తల గోక్కుని, "మరి ఇటుపక్క మన రేవులో మెట్లు అన్నే ఉన్నాయి మేడమ్," అన్నాడు. ఈవిడ టికెట్టు చింపించుకుని దిగిపోయింది. ఇక అక్క. అక్క వారం వారం ఫోన్లో కబుర్లు చెబుతుంది. మిషన్లు నడుస్తున్నాయే, అంటుంది. నడవకపోతే ఎలా అక్కా. అది కాదే, కాళ్లొచ్చి నడుస్తున్నాయి, పొద్దున గోడ పక్కన ఉన్న మిషను సాయంత్రానికి బెత్తెడు సముద్రంవైపు జరుగుతుంది, మేమందరం కలిసి మళ్లీ వెనక్కి తోస్తాం. తలుపు పట్టడం లేదు, వడ్రంగి వచ్చి అంచు చెక్కాడు, మళ్లీ పట్టడం లేదు. సబ్బు జారిపడితే ఆగదు, దొర్లుకుంటూ ఎప్పుడూ ఒకే మూలకి పోతుంది. కొత్త కట్టడం కదా అక్కా, సర్దుకుంటుంది, అంది ఈవిడ. పొద్దున ఒడ్డున రాయి దగ్గరికి వెళ్లింది కూడా శాస్త్రం కోసం కాదు. నిన్న సాయంత్రం అక్క, తలుపు మూడోసారి చెక్కారే, ఇంకోసారి చెక్కితే కిటికీ అయిపోతుంది, అని నవ్వింది. ఆ నవ్వుకి ఈవిడకి నిద్ర పట్టలేదు.

నీళ్లు ఇక్కడ రంగు మారతాయి. ఒకప్పుడు ఈ మధ్యదారిలో పడవ అంచునుంచి కిందికి చూస్తే గడ్డి కనపడేది, సముద్రం అడుగున మోకాలెత్తు పచ్చగడ్డి, ఆ గడ్డిలో పీతలు, చేపపిల్లలు, మేస్తూ తిరిగే తాబేళ్లు. సగం రోజు ప్రయాణమంత దూరం నుంచి ఇసుకని ఓడతో పీల్చుకొచ్చి ఆ గడ్డి మీద కుమ్మరించారు. రెండేళ్లపాటు సముద్రం పాలు విరిగిన టీ రంగులో ఉంది. బురద తేరుకున్నాక చూస్తే గడ్డి లేదు, గడ్డితో పాటు అడుగు నేలని పట్టి ఉంచే వేళ్లు లేవు, చేపలు ఎటు పోయాయో వాటికే తెలియాలి. దీవి మధ్యలో అందంగా ఉంటుందని చెరువులా మలిచిన మడుగులో నీళ్లు కదలవు, ఎండాకాలం కుళ్లిన ఆకుకూర వాసన, తెల్లవారేలోగా మందు చల్లి అతిథులు లేచేసరికి నీలంగా చేస్తారు. అడ్డంగా దీవి వచ్చి కూర్చునేసరికి నీటి పోకడ తిరిగింది, ఇటు ఒడ్డున పడవాయన ఇంటి పెరడు పోయింది, వలలు ఆరబెట్టుకునే పాక సగం గాల్లో వేలాడుతోంది. ఇవన్నీ నివేదికల్లో ఉన్నాయి, పరిశీలించవలసి ఉంది అనే మాటతో పాటు. ఈవిడ వాటిని చదివి పక్కన పెట్టింది, తన పని ఎత్తు చూడటం, గడ్డి తన పని కాదు, మందు తన పని కాదు. ఎవరికి వారే యమునా తీరే. ఇప్పుడు అదే నీళ్ల మీద కూర్చుని కిందికి చూస్తే అడుగు కనపడటం లేదు, అడుగు లేదేమో అనిపించి గట్టిగా బల్ల పట్టుకుంది.

ఇసుకంటే అందరికీ ఏం తెలుసు, పిచ్చుకగూళ్లు కట్టుకోవడం తెలుసు. తడి ఇసుక మీద కాలితో అదేపనిగా తడితే గట్టిగా ఉన్న నేలలోంచి నీళ్లు చిమ్ముకొచ్చి జావలా అయిపోవడం కూడా ఒడ్డున ఆడుకున్న ప్రతి పిల్లకీ తెలుసు. అది కాకూడదనే పోసిన ఇసుకలోకి లావుపాటి ఇనుప గొట్టం దింపి, గడగడలాడించి, రెండున్నర మీటర్లకొక చోట గట్టిపరుస్తూ పోవాలి. హోటలు కింద అలాగే చేశారు, పాపం చెప్పకూడదు. వెనకవైపుకి వచ్చేసరికి ప్రారంభం తేదీ తరుముకొచ్చింది, నాలుగు మీటర్లకొకటి చాలన్నారు, వెనకవైపు ఉండేది పనివాళ్ల గదులూ బట్టలుతికే గదీనే కదా. ఆ మెత్తటి ఇసుక మీద పన్నెండు పెద్ద మిషన్లు పొద్దున్నించి రాత్రిదాకా గిరగిరా తిరుగుతూ నేలని తడుతున్నాయి. ఇవాళ నాలుగు వందల మంది అతిథుల దుప్పట్లు, తువ్వాళ్లు, అంటే పన్నెండూ ఒకేసారి తిరుగుతూ ఉంటాయి. ముందువైపు పాటలు, ఇల్లంత స్పీకర్లు, నాలుగు వందల మంది ఎగురుతారు. గోడ నలభై మూడు సెంటీమీటర్లు దిగిపోయి ఉంది. పోటు గోడ దాటితే వెనకున్న ఇసుకని తోడుకుపోతుంది, ముందు నుంచి నీళ్లు, కింద నుంచి నీళ్లు. ఆ గదికి ఒకటే తలుపు. ఆ తలుపు పట్టడం లేదని మూడుసార్లు చెక్కారు, ఇవాళ తెరుచుకుంటుందా? ఉన్నపళంగా లేచి నిలబడింది, పడవ ఒరిగింది, పడవాయన తిరిగి చూసి, "కూర్చోండి మేడమ్, ఇవాళ నీళ్లు బాగా లేవు," అన్నాడు.

లెక్కలన్నీ మళ్లీ మళ్లీ సరిచూసుకుని, పదకొండున్నరకి అయిపోయిందనుకో గారికి ఫోను చేసింది. ఆయన అప్పటికే దీవి మీద ఉన్నాడు, వెనక ప్రారంభం బాజాలు. చెప్పింది, అంకె చెప్పింది, మూడుసార్లు చూశామని చెప్పింది. ఆయన బాజాలకి దూరంగా జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి, "రేపు కూర్చుని చూద్దాం. ఒక్కరోజులో కొంపలేం మునిగిపోవు," అన్నాడు. ఇవాళ పోటు పెద్దది సార్, అంది. "మరి బొత్తం మూలరాయిలో పెట్టమని కాగితం రాసిందెవరమ్మా? నా దగ్గరుంది ఆ కాగితం. ఇవాళ నువ్వు అరిస్తే రేపు అందరూ నీ సంతకమే చూస్తారు. నీ మంచికే చెబుతున్నా." ఫోను పెట్టేశాడు. అప్పుడు తట్టింది ఆ ఆలోచన, ఎక్కడినుంచో రాలేదు, తనలోంచే వచ్చింది. ఎవరికీ చెప్పొద్దు. పడవెక్కి వెళ్లి, అక్కా, ఒంట్లో బాగాలేదు, గుండెల్లో నొప్పిగా ఉంది, ఆస్పత్రికి తీసుకెళ్లు, అంటే చాలు. అక్క చేతిలో దుప్పటి అక్కడే పడేసి వస్తుంది. ఇద్దరూ తిరుగు పడవలో ఒడ్డుకి వచ్చేస్తారు. పోటు వచ్చి పోతుంది, ఏమీ జరగకపోతే రేపు కూర్చుని చూడొచ్చు. జరిగితే? జరిగితే అన్న మాట దగ్గర ఆలోచన ప్రతిసారీ పక్కకి తప్పుకుంటోంది. ఒడ్డున టికెట్టు కొన్నప్పుడు ఆవిడ మనసులో ఉన్నది ఈ అబద్ధమే. ఇప్పటికీ అదే. పెదవులు కదిలిస్తూ వల్లె వేసుకుంటోంది, అక్కా, గుండెల్లో నొప్పిగా ఉంది. అదేమీ పూర్తిగా అబద్ధం కూడా కాదు.

అక్కకి నీళ్లంటే చచ్చేంత భయం. బకెట్టు నిండా నీళ్లుంటే పక్కగా నడుస్తుంది, అలాంటి మనిషి బతుకంతా నీళ్లలో చేతులు పెట్టి బట్టలు ఉతికే బతికింది, చెల్లెలి చదువంతా ఆ చేతుల మీదే నడిచింది. హోటలు వాళ్లు ముప్ఫై మంది ఆడవాళ్ల మీద పెద్దగా ఉండమని అడిగితే నెల రోజులు ఊగిసలాడింది. చుట్టూ సముద్రమే అంటున్నారే, రాత్రిళ్లు అక్కడే పడుకోవాలట, నాకు వద్దే. నేను కొలుస్తున్నాను కదక్కా, వెంట్రుక వాసి కూడా కదల్లేదు, అంది ఈవిడ. అక్క చెల్లెలి మొహం చూసి, "నువ్వు కొలిచావంటే ఇంకేం కావాలే," అని మర్నాడే పెట్టె సర్దుకుంది. ఎనిమిది నెలలు. రెండు వందల నలభై రాత్రులు ఆ మాట మీద తలపెట్టి పడుకుంది. ఈవిడ కళ్లు మండాయి, ఉప్పునీటి తుంపర అనుకుని తుడుచుకుంది.

దీవి దగ్గరపడింది. తెల్లటి గొడుగులు, తెల్లటి గోడలు, కొత్త పెళ్లివారిల్లులా ఉంది. పాట దడదడమంటోంది, పడవ చెక్కల్లోంచి అరికాళ్లకి తెలుస్తోంది. మూలరాయి దగ్గర బాబాయి ఇంకా నిలబడే ఉన్నాడు, రమ్మనలేదు కాబట్టి కదల్లేదు, మనిషి అలాంటివాడు, అలలు ఆయన చెప్పుల దాకా వచ్చి పోతున్నాయి. పెద్ద పోటుకి కూడా ఆ రాయి పొడిగా ఉండాలి. ఇంకా రెండున్నర గంటలుండగానే తడిసింది. మనసు మళ్లీ లెక్కలోకి దూరింది, మూడు పడవలు, ఒక్కోదాంట్లో అరవై మంది, నూట ఎనభై, వెళ్లి రావడానికి ఎనభై నిమిషాలు, రెండు గంటలకి మొదలుపెట్టినా రెండో విడత బయల్దేరేసరికి మూడూ ఇరవై, మూడో విడత పోటు దాటాక. నాలుగు వందల మంది అతిథులు, నూట పది మంది పనివాళ్లు, రెండు విడతల్లో మూడు వందల అరవై. మిగిలేది నూట యాభై. ఎందుకు లెక్కపెడుతున్నట్టు? తను వెంట తీసుకెళ్లేది ఒక్క మనిషినే కదా. ఒక్కరికి లెక్కెందుకు. అయినా మనసు ఆగలేదు, గోడకి లోపల ఎత్తుగా ఉండే చోటు ఏది, హోటలు ముందు మెట్ల మీద ఎంతమంది పడతారు, మిషన్లూ పాటా ముందుగా ఎవరు ఆపాలి, అని పోతూనే ఉంది.

రేవులో ఈవిడ అనుకున్నట్టు ఏమీ లేదు. పొడిగా ఉన్న మెట్లు రెండే, పై మెట్టు మీద అక్క. వెనకాల ముప్ఫై మంది ఆడవాళ్లు, తడి ఏప్రన్లు విప్పకుండా, మూటలు చంకన పెట్టుకుని. వాళ్ల ఎదురుగా హోటలు మేనేజరు, మెడకి టై, చేతిలో ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం, చెమటలు కారుతున్నాయి. పైనుంచి మిషన్ల చప్పుడు లేదు. మిషన్లన్నీ ఆపేసి వచ్చింది అక్క. అక్క బతికుంది, బయట ఉంది, ఈవిడకి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది, అది ఒక్క క్షణమే.

"ఇదిగో వచ్చింది," అంది అక్క మేనేజరుతో. "ఆ కాగితం మీద సంతకం దీనిదే, మా చెల్లెలే. దీన్నే అడుగుదాం. అది పరవాలేదంటే మేం లోపలికి పోతాం, నా జీతంలో రెండు రోజులు కోసుకోండి." ఈవిడ వైపు తిరిగి ఒక నీళ్ల సీసా ఎత్తి చూపించింది. బూడిదరంగు నీళ్లు, అడుగున ఇసుక. "నేలలో తూము ఉంది చూడు, మురికినీళ్లు పోయేది. అందులోంచి ఇవి పైకొచ్చాయే. మా సబ్బునీళ్లే అన్నారు. నాలిక మీద పెట్టి చూశా. ఉప్పగా ఉన్నాయి." మేనేజరు కాగితం ముందుకి చాపాడు. "మేడమ్, మీరే రాశారు కదా, కదలిక లేదని. పోయిన సోమవారం తారీఖు. లోపల అతిథులకి తువ్వాళ్లు లేవు మేడమ్, ఒక్క మాట చెప్పండి వీళ్లకి." పడవలోంచి ముసలావిడ లేచి, భర్త భుజం పట్టుకుని, దిగడానికి ఒక కాలు చాపి ఆగింది. ముప్ఫై మంది ఆడవాళ్లూ ఈవిడ మొహంకేసి చూస్తున్నారు. అక్క చూస్తోంది. ఆ చూపులో భయం లేదు, అదే భరించలేకపోయింది. నువ్వు కొలిచావంటే ఇంకేం కావాలే, అన్నప్పటి చూపే అది. గుండెల్లో నొప్పిగా ఉంది, అన్న మాట గొంతుదాకా వచ్చింది. నలభై నిమిషాలు వల్లె వేసిన మాట.

"అక్కా, వంటగది ద్వారబంధం గుర్తుందా?"

"నేల పెరిగిందేమిటే?" అక్క వెంటనే అంది, ముప్ఫై మూడేళ్లు దాటి ఆ మాట నిన్నటిదైనట్టు.

"నేల దిగుతోంది. దాంతోపాటు ద్వారబంధం కూడా దిగుతోంది. అందుకే గీత మారలేదు. నేను గీత చూసి రాశాను. తప్పు రాశానక్కా."

పాట ఆగలేదు, అల ఆగలేదు, కానీ రేవు మీద మనుషులు మాత్రం ఆగిపోయారు. "ఎంత దిగింది?" అని అక్క. మూరకి కాస్త తక్కువ, అంది ఈవిడ, చేతులతో చూపించింది, సెంటీమీటర్లు నోటికి రాలేదు. "ఎన్నాళ్లనుంచి?" రెండేళ్లనుంచి. "నేను పడుకున్న గదా?" అదే ముందు, అంది. అక్క సీసా పైకెత్తి అడుగునున్న ఇసుక చూసింది. కొడితే బాగుండునని ఈవిడకి అనిపించింది. మేనేజరు కాగితాన్ని తన చేతిలోనే తిప్పి చూసుకుంటున్నాడు, వెనకవైపు ఇంకేమైనా రాసి ఉందేమోనన్నట్టు. పడవలోంచి ముసలావిడ, కోపం లేకుండానే, "ఊగదన్నావు కదమ్మా," అంది. అవునండీ, అబద్ధం చెప్పాను, దిగకండి, అంది ఈవిడ. ఆ రెండోమాట మొదటిమాట కంటే తేలిగ్గా వచ్చింది.

"ఎక్కండే," అని అక్క ఆడవాళ్లని పడవవైపు తోసింది, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దింపింది, నీళ్లు చూడకుండా తల పక్కకి తిప్పుకుని. పడవాయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, తాడు విప్పడానికి సిద్ధంగా పట్టుకుని, మిగతా రెండు పడవలకీ ఫోను చేస్తున్నాడు. అందరూ ఎక్కాక, "నువ్వు కూడా ఎక్కు అక్కా," అంది ఈవిడ. "మరి నువ్వు?" పాట ఆపించాలి, గంట కొట్టించాలి, బాబాయిని పిలవాలి, నాలుగు వందల మందికి చెప్పాలి. "అయిపోయిందనుకో వింటాడా?" వినడు. వాళ్లెవరూ వినకపోవచ్చు. కాగితం మీద కదలిక లేదని ఉంది, నోటిమాటని ఎవరు నమ్ముతారు. ఇవన్నీ ఈవిడ పైకే అనేసింది, భయంలో తెలియలేదు.

అక్క పడవకేసి చూసింది. దానికీ మెట్టుకీ మధ్య నల్లగా లేచి పడుతున్న నీళ్లని చూసింది. రెండో మెట్టు ఎప్పుడు మునిగిందో ఎవరూ గమనించలేదు, ఇప్పుడు పొడిగా ఉన్నది వాళ్లిద్దరూ నించున్నదొక్కటే. "ఒక్కదానివే చెబితే ఎవరు నమ్ముతారే," అంది అక్క. సీసా మూత మళ్లీ ఒకసారి గట్టిగా బిగించి, చెల్లెలి చెయ్యి పట్టుకుని, పాట వినపడుతున్న వైపు ముందు తనే నడిచింది.